కార్డు కొత్తది, పోర్టు పాతది: ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుంది?

ప్రశ్న ఇది. 2022 అక్టోబరులో అమ్మకానికి వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 ఆనాటికి అన్నిటికన్నా వేగమైన గ్రాఫిక్స్ కార్డు. కానీ మానిటర్‌ను కలిపే డిస్‌ప్లేపోర్ట్ మాత్రం దానికి పాత 1.4ఏనే ఇచ్చారు. డిస్‌ప్లేపోర్ట్ 2.0 ప్రమాణం వెలువడి అప్పటికే మూడేళ్లు దాటింది. ఇక టీవీలను కలిపే హెచ్‌డీఎంఐలో కొత్త ప్రమాణం 2.2ను 2025 జనవరిలో ప్రకటించారు, అదే నెలలో ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి వచ్చింది, అందులో ఉన్నది హెచ్‌డీఎంఐ 2.1బీ. ఒక్క చిప్పులో ఏడు వేల కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు పేర్చగలిగినవాళ్లకు ఒక పోర్టు మార్చడం చేతకాదా, లేక కావాలనే మార్చడం లేదా?

రెండిట్లోనూ కొంత నిజం ఉంది. ఆలస్యంలో ఒక భాగం నిజమైన ఇంజినీరింగ్ కష్టం, ఇంకో భాగం వ్యాపార లెక్క. ఏ కార్డు విషయంలో దేని పాలు ఎంతో విడదీసి చూడాలి. అన్నిటినీ కంపెనీల పిసినారితనం అని ఒకే గాటన కట్టేయడం ఎంత తప్పో, సాంకేతికంగా కుదరదు కాబట్టే ఇవ్వలేదని వెనకేసుకురావడమూ అంతే తప్పు. డిస్‌ప్లే లింకుల పరీక్షల పనిలో చాలాకాలం ఉన్నవాడిని కనుక నేను ఇంజినీర్ల వైపు కాస్త మొగ్గుతాను. ఆ సంగతి దృష్టిలో పెట్టుకునే చదవండి.

ముందు తేదీల సంగతి తేల్చుకుందాం. ప్రమాణం వెలువడిన రోజునే వస్తువు పుట్టినరోజుగా లెక్కపెట్టడం వల్ల సగం చిరాకు వస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాలను చూసే వెసా సంస్థ 2.0ను 2019 జూన్‌లో ప్రచురించింది. ఆ రోజు బయటికి వచ్చింది ఒక పత్రం మాత్రమే. ఆ పత్రం చదివి రెండు కంపెనీలు చెరో చిప్పు తయారుచేస్తే, అవి ఒకదాని సంకేతాలు మరొకదానికి అర్థమవుతాయన్న హామీ ఏదీ లేదు. ఆ హామీ రావాలంటే అనుగుణ్యత పరీక్షల పత్రం వేరుగా రాయాలి. అంత వేగాన్ని కొలవగల ఆసిలోస్కోపులు, దోషాల లెక్క తీసే పరికరాలు సిద్ధం కావాలి. గుర్తింపు ఉన్న ప్రయోగశాలలు ఆ పరీక్షలు చేయడం నేర్చుకోవాలి. ఆ తర్వాత వేర్వేరు కంపెనీలవాళ్లు తమ నమూనాలు పట్టుకుని ఒకచోట చేరి, మీ మానిటర్‌కు మా కార్డు, మా కేబుల్‌తో మీ డాక్ అంటూ అన్ని జోడీలూ కలిపి చూసుకునే ప్లగ్‌ఫెస్టులు జరగాలి. 2.0 వస్తువులు 2020 చివరికి వస్తాయని వెసా మొదట అంచనా వేసింది. ఆ ఏడాది మనుషులు ఒకచోట చేరడమే ఆగిపోయింది. వస్తువు జాడ లేదు, పేరు మాత్రం ప్రపంచమంతా తెలిసిపోయింది: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

విడిగా అమ్మే కార్డుల్లో ఈ ప్రమాణం మొదట కనిపించింది 2022లో, ఇంటెల్ ఆర్క్ ఎ శ్రేణిలో. అదీ లేన్‌కు, అంటే సంకేతాన్ని మోసే ఒక్కో తీగ జతకు, సెకనుకు 10 గిగాబిట్ల వేగంతో. నాలుగు లేన్లు కలిపితే 40. అదే ఏడాది డిసెంబరులో ఏఎండీ ఆర్ఎక్స్ 7900 కార్డులు లేన్‌కు 13.5 వేగంతో వచ్చాయి, మొత్తం 54. ప్రమాణంలో రాసిన పూర్తి వేగం, అంటే లేన్‌కు 20 చొప్పున మొత్తం 80 గిగాబిట్లు, మామూలు కొనుగోలుదారుల కార్డుల్లోకి చేరింది 2025 జనవరిలో, ఆర్‌టీఎక్స్ 50తో. పత్రం నుంచి పూర్తి వేగానికి అయిదున్నరేళ్లు పట్టిందన్నమాట.

ఈ అయిదున్నరేళ్లలో కొంత భాగం చిప్పు తయారీ పద్ధతిలోనే కలిసిపోయి ఉంటుంది. ఒక కొత్త తరం గ్రాఫిక్స్ చిప్పు ఆలోచన నుంచి అమ్మకం దాకా రావడానికి మూడేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఏయే విభాగాలు ఉండాలన్నది మొదటి ఏడాదిలోనే దాదాపు ఖరారవుతుంది. డిజైన్‌ను చిప్పులు తయారుచేసే ఫౌండ్రీకి అప్పగించే టేపౌట్ దశ అమ్మకానికి సుమారు ఏడాది ముందు జరుగుతుంది. ఆ తర్వాత ఏదైనా మార్చాలంటే చిప్పు అచ్చుల్లాంటి మాస్కులు మళ్లీ చేయించాలి, నెలలు ఆగాలి, ఖర్చు భరించాలి. కాబట్టి 2025 జనవరిలో వచ్చిన కార్డులో ఆ జనవరిలోనే ప్రకటించిన పోర్టు ఉండే అవకాశమే లేదు. హెచ్‌డీఎంఐ 2.2 తుది పత్రం విడుదలైంది 2025 జూన్‌లో. కార్డులు అప్పటికే జనం చేతుల్లో ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

పోనీ, సాఫ్ట్‌వేర్‌తో తర్వాత చేర్చవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కొంతవరకే. పోర్టులో రెండు పొరలు ఉంటాయి. బిట్లను విద్యుత్ సంకేతాలుగా మార్చి తీగలోకి నెట్టేది భౌతిక పొర. ఆ బిట్ల అర్థం ఏమిటో, ఏ క్రమంలో పంపాలో చూసేది దానిపై ఉండే ప్రోటోకాల్ పొర. రెండోదాన్ని ఫర్మ్‌వేర్‌తో, అంటే పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్‌తో, కొంత దిద్దవచ్చు, మొదటిదాన్ని దిద్దలేం. దీనికి మంచి ఉదాహరణ 2016 మేలో వచ్చిన జీటీఎక్స్ 1080. డిస్‌ప్లేపోర్ట్ 1.4 ప్రమాణం అంతకు రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. అయినా ఆ కార్డు 1.2కు ధ్రువీకరణ పొందినది, 1.3, 1.4లకు సిద్ధంగా ఉన్నది అనే విచిత్రమైన వివరణతో వచ్చింది. లేన్‌కు 8.1 గిగాబిట్ల వేగం 2014 సెప్టెంబరు నాటి 1.3 ప్రమాణంలోనే ఖరారైంది కాబట్టి దాన్ని చిప్పులో ముందే పెట్టుకోగలిగారు. పరీక్షలే పూర్తికాలేదు. 2018లో ఎన్విడియా ఒక ఫర్మ్‌వేర్ సాధనం విడుదల చేసి, పాత కార్డులకు 1.3, 1.4 మానిటర్లతో వచ్చే చిక్కులను సరిచేసింది. కానీ 1.4లో నిజంగా కొత్తదైన డీఎస్‌సీ అనే కుదింపు పద్ధతికి చిప్పులో వేరే సర్క్యూట్ కావాలి. అది ఆ తరం కార్డులకు ఏ ఫర్మ్‌వేర్‌తోనూ రాలేదు, 2018 నాటి ట్యూరింగ్ తరంతో వచ్చింది.

ఇప్పుడు భౌతిక పొర దగ్గర కొంచెం ఆగుదాం. అసలు కష్టమంతా అక్కడే ఉంది, బయటివాళ్లకు అంతగా కనిపించనిదీ అదే. లేన్‌కు 20 గిగాబిట్లంటే ఒక్కో బిట్‌కు దొరికే సమయం 50 పికోసెకన్లు. శూన్యంలో కాంతి ఆ వ్యవధిలో 15 మిల్లీమీటర్లు వెళ్తుంది, రాగి తీగలో సంకేతం అంతకన్నా తక్కువ దూరం. అంటే ఒక మీటరు కేబుల్లో ఏ క్షణాన చూసినా ఒక్కో లేన్ మీద వంద బిట్ల దాకా ఒకదాని వెనుక ఒకటి ప్రయాణిస్తూ ఉంటాయి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ రాగి, బోర్డు పదార్థం రెండూ సంకేతాన్ని మరింతగా మింగేస్తాయి. చిప్పు నుంచి బయటి కనెక్టర్ దాకా బోర్డు మీద ఉన్న కొద్ది సెంటీమీటర్లు, కనెక్టర్‌లోని లోహపు నాలుకలు, పక్క లేన్ నుంచి వచ్చే అలికిడి, అన్నీ లెక్కలోకి వస్తాయి. అవతలి చివర చేరేసరికి ఒకటీ సున్నా తేడా చూడగానే తెలిసేలా ఉండదు. ఈక్వలైజర్లు ఆ తేడాను మళ్లీ లాగి పట్టుకోవాలి. లింకు మొదలైన ప్రతిసారీ రెండు చివరలూ ఒకదానికొకటి సర్దుకునే శిక్షణ దశ ఒకటి నడుస్తుంది. మానిటర్ ఆన్ చేసినప్పుడు తెర ఒక క్షణం నల్లగా ఉండటానికి ఒక కారణం అదే.

చిప్పులోని లెక్కలు చేసే భాగాలు కొత్త తయారీ ప్రక్రియ వచ్చిన ప్రతిసారీ చిన్నవవుతాయి, చవకవుతాయి. ఈ భౌతిక పొరకు ఆ అదృష్టం లేదు. అది ప్రధానంగా అనలాగ్ సర్క్యూట్. ప్రక్రియ మారితే దాన్ని దాదాపు కొత్తగా గీయాలి, పరీక్ష చిప్పు చేయించాలి, వేడిలో, చలిలో, వోల్టేజీ హెచ్చుతగ్గుల్లో కొలవాలి. పైగా అది చిప్పు అంచునే ఉండాలి. ఆ అంచు కోసం మెమరీ లింకులు, కార్డును కంప్యూటర్‌తో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు కూడా పోటీపడతాయి. ఆర్‌టీఎక్స్ 30 తరాన్ని శాంసంగ్ 8 నానోమీటర్ల ప్రక్రియలో, 40 తరాన్ని టీఎస్ఎంసీ 4ఎన్ ప్రక్రియలో చేశారు. అంటే ఫౌండ్రీయే మారింది. అలాంటప్పుడు పాత వేగానికి రుజువైన డిజైన్‌ను కొత్త ఫౌండ్రీకి తరలించడమే పెద్ద పని. అదే సమయంలో రెండున్నర రెట్ల వేగానికి దూకడం జూదం. 50 తరం దాదాపు అదే టీఎస్ఎంసీ ప్రక్రియలో ఉండిపోయింది, పోర్టు అప్పుడు ముందుకు దూకింది. ఈ రెండిటికీ సంబంధం ఉందని నేను అనుకుంటున్నాను. ఇది నా అంచనా, కంపెనీ చెప్పిన మాట కాదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మెమరీ కూడా అంతే వేగంగా పరుగెత్తుతుంది కదా, దానికి ఎందుకు ఆలస్యం లేదు? నిజమే. జీడీడీఆర్7 మెమరీ ప్రమాణాన్ని, మెమరీ ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ 2024 మార్చిలో ప్రచురించింది, ఏడాది తిరక్కుండానే అది ఆర్‌టీఎక్స్ 50 కార్డుల మీద ఉంది. పోర్టుకు అయిదున్నరేళ్లు, మెమరీకి ఏడాది లోపు! ఈ తేడా అర్థమైతే ప్రశ్నకు ముప్పాతిక జవాబు దొరికినట్టే.

మెమరీ చిప్పు గ్రాఫిక్స్ చిప్పు పక్కనే, కొన్ని సెంటీమీటర్ల దూరంలో, కదలకుండా అతికించి ఉంటుంది. దాన్ని తయారుచేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ప్రమాణం ముసాయిదాలో ఉండగానే రెండు వైపులా కలిసి పనిచేస్తారు. పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు. పోర్టు సంగతి అలా కాదు. మొత్తం కార్డు మీద, తయారీదారు ఎన్నడూ చూడని వస్తువులతో అన్నిటికన్నా ఎక్కువగా పనిచేయాల్సిన భాగం అది. అవతల ఏ మానిటర్ ఉంటుందో, ఏ సంవత్సరం నాటి టీవీ ఉంటుందో, మధ్యలో ఎవరు చేసిన కేబుల్, ఎంత పొడవుది, ఎన్నిసార్లు మెలితిప్పినది ఉంటుందో ఎవరికీ తెలియదు. ఏది చెడినా కొన్నవాడు తిట్టేది కార్డునే, ఎందుకంటే ఖరీదైనది అదే.

పైగా మెమరీ వేగం సమీక్షల్లో గ్రాఫులుగా కనిపిస్తుంది, పోర్టు వేగం కనిపించదు. కంపెనీ దృష్టి ఎటు ఉంటుందో చెప్పనక్కర్లేదు. 2015 జూన్‌లో వచ్చిన ఏఎండీ ఫ్యూరీ ఎక్స్‌నే చూడండి. హెచ్‌బీఎం అనే పేర్చిన మెమరీని ప్రపంచంలో మొదటగా వాడిన గ్రాఫిక్స్ కార్డు అది. ఇంజినీరింగ్ సాహసానికి నిదర్శనం. కానీ అందులో హెచ్‌డీఎంఐ 2.0 లేదు, పాత 1.4ఏ మాత్రమే ఉంది. 2.0 ప్రమాణం 2013 సెప్టెంబరులోనే వచ్చింది, పోటీదారు ఎన్విడియా కార్డుల్లో 2014 సెప్టెంబరు నుంచే ఉంది. ఫలితంగా 4కే టీవీకి దాన్ని హెచ్‌డీఎంఐతో కలిపినవాళ్లు పూర్తి రంగుల్లో సెకనుకు 30 ఫ్రేముల దగ్గర ఆగిపోయారు. రేపటి మెమరీ, నిన్నటి పోర్టు ఒకే కార్డు మీద. దీన్ని మాత్రం నేను వెనకేసుకురాను.

తొందరపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2020 చివర్లో కొత్త గేమ్ కన్సోళ్లు, హెచ్‌డీఎంఐ 2.1 కార్డులు ఇళ్లకు చేరుతున్న సమయంలో, కొన్ని పేరున్న కంపెనీల ఆడియో రిసీవర్లు 4కే 120 హెర్ట్జ్ సంకేతం అందగానే నల్లతెర చూపించాయి. వాటిలో వాడిన హెచ్‌డీఎంఐ చిప్పులోనే లోపం ఉందని తేలింది. చిప్పులో లోపమంటే అప్‌డేట్‌తో పోయేది కాదు. ప్రమాణాన్ని ముందుగా అందుకున్నందుకు వాటి తయారీదారులకు దక్కిన బహుమానం అది.

ఇక వ్యాపార లెక్క. ఇందులో అతి పెద్ద పాత్ర డీఎస్‌సీది. కొన్ని అంకెలు వేస్తేగాని దాని సంగతి అర్థం కాదు. 4కే తెర అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లు. రంగుకు 10 బిట్ల చొప్పున పిక్సెల్‌కు 30 బిట్లు, సెకనుకు 240 ఫ్రేములు అనుకుంటే, ఒట్టి చిత్రానికే సెకనుకు 59.7 గిగాబిట్లు కావాలి. ఫ్రేముల మధ్య విరామాలు కలిపితే ఇంకొంచెం ఎక్కువ. డిస్‌ప్లేపోర్ట్ 1.4 పేరుకు 32.4 గిగాబిట్లు మోస్తుంది, అందులో ప్రతి 8 బిట్లకు 10 పంపే పాత సంకేత పద్ధతి అయిదో వంతు తినేయగా చిత్రానికి మిగిలేది 25.9. హెచ్‌డీఎంఐ 2.1 పేరుకు 48, చేతికి దక్కేది సుమారు 42. 2.0కు సవరించిన రూపమైన డిస్‌ప్లేపోర్ట్ 2.1 పూర్తి వేగంలో 80కి 77 దక్కుతాయి, ఎందుకంటే కొత్త సంకేత పద్ధతిలో 128 బిట్లకు 132 పంపితే చాలు. మామూలుగా చూస్తే 4కే 240కి ఆ పూర్తి వేగం తప్ప మరోదారి లేదు.

కానీ డీఎస్‌సీ చిత్రాన్ని దాదాపు మూడో వంతుకు కుదించేస్తుంది. కంటికి తేడా తెలియనంతగా అన్నది దాన్ని చేసినవాళ్ల మాట. ఆటలు, సినిమాలు చూసేటప్పుడు నాకూ తేడా కనిపించలేదు. 59.7ను మూడుతో భాగిస్తే దాదాపు 20, అది 25.9లో హాయిగా ఇమిడిపోతుంది. అంటే 2016 నాటి ప్రమాణం మీదే 2024 నాటి మానిటర్ నడిచిపోతుంది. ఈ ఒక్క వెసులుబాటు తయారీదారుల మీద ఉన్న ఒత్తిడిని చాలావరకు తీసేసింది. 2022లో ఎన్విడియా ఇచ్చుకున్న సంజాయిషీ కూడా ఇదే ధోరణిలో ఉంది: ఇప్పుడున్న 1.4తోనే 8కే 60 హెర్ట్జ్ వస్తుంది, 2.0 ఉన్న గేమింగ్ తెరలు రావడానికి ఇంకా సమయం ఉంది అని.

ఆ వాదన తప్పు కాదు, కానీ కార్డును కొనేవాళ్లు దాన్ని నాలుగైదేళ్లు వాడతారన్న సంగతి దాటవేసింది. మానిటర్లు అంత దూరంలోనూ లేవు. 2023లో శాంసంగ్ 57 అంగుళాల ఒడిస్సీ నియో జీ9 తెచ్చింది. రెండు 4కే తెరలు పక్కపక్కన పెట్టినంత వెడల్పు, 7680 బై 2160, 240 హెర్ట్జ్. దీనికి 10 బిట్ల రంగుతో కావలసింది సెకనుకు 119 గిగాబిట్లకు పైనే. డీఎస్‌సీ పెట్టినా అది 1.4లో ఇమడదు. 54 గిగాబిట్ల పోర్టున్న ఏఎండీ కార్డులు దాన్ని 240 దగ్గర నడిపాయి. వాటికన్నా వేగమైనదీ, ఖరీదైనదీ అయిన ఆర్‌టీఎక్స్ 4090 పూర్తి రెజల్యూషన్‌లో 120 దగ్గరే ఆగిపోయింది. 4090 విషయంలో కొనుగోలుదారుల కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమని నేను ఒప్పుకునేది ఇందుకే. ఇంజినీరింగ్ కష్టం ఉన్న మాట నిజం, కానీ పోటీదారు అదే ఏడాది 54 దాకా వెళ్లగలిగాడు.

డీఎస్‌సీకి చిల్లర ఇబ్బందులూ ఉన్నాయి. మరీ ఎక్కువ పిక్సెల్ రేటు ఉన్న తెరను నడపడానికి ఎన్విడియా కార్డులు లోపల తెరకు చిత్రాన్ని పంపే రెండు డిస్‌ప్లే హెడ్‌లను జతచేస్తాయి, దాంతో ఒకేసారి పెట్టగల మానిటర్ల సంఖ్య తగ్గుతుంది. నాలుగు పోర్టులు కనిపిస్తుండగా నాలుగో మానిటర్ ఎందుకు వెలగడం లేదని అడిగేవాళ్లలో చాలామందికి జవాబు ఇదే. కార్డు చెడిపోలేదు.

ఏఎండీ వైపు కూడా అంతా దానధర్మం కాదు. ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్, వర్క్‌స్టేషన్ల కోసం చేసిన రేడియాన్ ప్రో డబ్ల్యూ7900, రెండిటిలోనూ ఉన్నది నావి 31 చిప్పే. మొదటిదానికి 54 గిగాబిట్లు, రెండోదానికి పూర్తి 80. చిప్పుకు చేతనవునని దీనితో తేలిపోయింది. మిగిలిన తేడా బోర్డు నాణ్యతలో, పరీక్షల ఖర్చులో, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయవచ్చన్న లెక్కలో ఉంది. ఈ మూడింటి పాళ్లు బయటినుంచి తేల్చడం కుదరదు గాని, మూడోది చిన్నదని నన్ను నమ్మమనకండి. 2025 మార్చిలో వచ్చిన ఆర్ఎక్స్ 9070లో కూడా ఆ 54 దాటలేదు.

అందరూ మరిచిపోయేది కేబుల్‌ను. కార్డూ మానిటరూ సిద్ధంగా ఉన్నా మధ్యలో తీగ లేకపోతే ఒక చేతితో చప్పట్లు కొట్టినట్టే. 80 గిగాబిట్లు మోసే ధ్రువీకృత డీపీ80 కేబుళ్లు మామూలు రాగి తీగతో చేస్తే మీటరు పొడవు దగ్గరే ఆగిపోతాయి. బల్ల కింద పెట్టిన కంప్యూటర్ నుంచి బల్ల మీది మానిటర్ చేయి దాకా మీటరు ఎక్కడ సరిపోతుంది? వెసా 2024 జనవరిలో 2.1ఏతో 54 గిగాబిట్లకు రెండు మీటర్ల కేబుల్ తరగతిని తెచ్చింది. తర్వాత 2.1బీతో, లోపల క్రియాశీలక చిప్పులున్న మూడు మీటర్ల డీపీ80ఎల్ఎల్ కేబుళ్లకు దారి ఏర్పరచింది. ఆ పనిలో వెసాకు తోడుగా ఉన్నది ఎన్విడియా. దాన్ని ప్రకటించింది 2025 జనవరిలో, సరిగ్గా ఆర్‌టీఎక్స్ 50 వచ్చిన సమయంలో. కేబుల్ చిక్కు తేలేదాకా పూర్తి వేగం జోలికి పోకూడదని వాళ్లు ఆగి ఉంటారనిపిస్తుంది. రెండు మీటర్ల కేబుల్ పెట్టి తెర మినుకుమినుకుమంటోందని ఫిర్యాదు చేసే లక్షలమందికి జవాబు చెప్పాల్సిన స్థితిని ఊహిస్తే, ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టలేను.

మానిటర్లది చెట్టు ముందా విత్తు ముందా కథ. మానిటర్ లోపల సంకేతాన్ని అందుకునే స్కేలర్ చిప్పును వేరే కంపెనీలు చేస్తాయి. కార్డులు లేవని వాళ్లు ఆగుతారు, మానిటర్లు లేవని కార్డులవాళ్లు ఆగుతారు. ఎవరో ఒకరు ముందు నష్టానికి సిద్ధపడాలి. హెచ్‌డీఎంఐ 2.1 విషయంలో ఆ పని టీవీలు చేశాయి: ప్రమాణం 2017 నవంబరులో వచ్చింది, ఎల్‌జీ ఓలెడ్ టీవీల్లో 2019లో కనిపించింది, కార్డుల్లోకి 2020 సెప్టెంబరులో వచ్చింది. డిస్‌ప్లేపోర్ట్ 2.1 విషయంలో కార్డులు ముందు నడిచాయి. కాబట్టి కార్డులు ఎప్పుడూ వెనకే ఉంటాయనడం కూడా సరికాదు.

మరో గందరగోళం వెర్షన్ అంకెలతో. పెట్టె మీద 2.1 అని ఉంటే ప్రమాణంలో రాసిన అత్యధిక వేగం వస్తుందని అనుకుంటారు. రాదు. డిస్‌ప్లేపోర్ట్ 2.1లో లేన్‌కు 10, 13.5, 20 వేగాలన్నీ (వీటినే యూహెచ్‌బీఆర్10, యూహెచ్‌బీఆర్13.5, యూహెచ్‌బీఆర్20 అంటారు) ఐచ్ఛికమే. ఇంటెల్ బీ580లో ఒక పోర్టు 13.5కు, మిగతావి 10కి పనిచేస్తాయి. ఒకే కార్డు, ఒకే పేరు, పక్కపక్కన రెండు రకాల పోర్టులు! హెచ్‌డీఎంఐది ఇంకా వింత. 2.1 వచ్చాక కొత్త పరికరాలకు 2.0 అన్న పేరే లేదని, 2.1లోని కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికమని హెచ్‌డీఎంఐ లైసెన్సులు ఇచ్చే సంస్థే 2021లో చెప్పింది. అంటే పాత 18 గిగాబిట్ల పోర్టును కూడా 2.1 అనవచ్చు. అందుకే వెర్షన్ అంకె చూడకండి, సెకనుకు ఎన్ని గిగాబిట్లో చూడండి. డిస్‌ప్లేపోర్ట్ అయితే యూహెచ్‌బీఆర్ పక్కన ఉన్న అంకె 10నా, 13.5నా, 20నా అన్నది చూడండి. అది రాయలేదంటే చిన్నదే అనుకోండి, పెద్దదైతే రాయకుండా ఉండరు.

పోర్టు ఉన్నంత మాత్రాన అది దక్కుతుందనీ లేదు. లినక్స్‌లో ఏఎండీ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌కు హెచ్‌డీఎంఐ 2.1 మద్దతు చేర్చాలన్న ప్రతిపాదనను, ఆ ప్రమాణాన్ని రూపొందించే హెచ్‌డీఎంఐ ఫోరమ్ 2024లో తిరస్కరించింది. ప్రమాణం వివరాలు బహిరంగమవుతాయన్నది అభ్యంతరం. చిప్పులో సత్తా ఉంది, డ్రైవర్ రాసేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, అడ్డుపడింది లైసెన్సు కాగితం.

చివరిగా, హెచ్‌డీఎంఐ 2.2 కోసం ఆగాలా అన్న ప్రశ్న. అది 96 గిగాబిట్ల దాకా మోస్తుంది, దానికి అల్ట్రా96 అనే కొత్త కేబుల్ కావాలి. కార్డుల మీద హెచ్‌డీఎంఐ ఎక్కువగా ఉపయోగపడేది టీవీకి. 4కే 120 హెర్ట్జ్, 10 బిట్ల రంగు అంటే చిత్రానికి సుమారు 30 గిగాబిట్లు, 2.1లో కుదింపు లేకుండానే ఇమిడిపోతుంది. కాబట్టి 2.2 లేకపోవడం వల్ల మీకు ఇప్పుడు పోయేది ఏమీ లేదు, ఆ ఒక్క కారణంతో కొనుగోలు వాయిదా వేయకండి. 4కే 240 మానిటర్ ఉండి, డీఎస్‌సీ వద్దనుకుంటే మాత్రం యూహెచ్‌బీఆర్20 రెండు వైపులా ఉండాలి, మధ్యలో డీపీ80 ధ్రువీకరణ ఉన్న కేబుల్ ఉండాలి. మానిటర్ మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ ఎంపిక ఉంటే అది 1.4 మీద ఆగిపోయి లేదని చూసుకోండి, పాత కార్డులతో పేచీ రాకుండా కొన్ని మానిటర్లు అలా అమర్చి వస్తాయి. కేబుల్ నాణ్యత చాలకపోతే లింకు ఏ హెచ్చరికా లేకుండా తక్కువ వేగానికి దిగి, డీఎస్‌సీతో అదే 240 చూపిస్తూ ఉంటుంది. అందుకే 240 కనిపించడం ఒక్కటే చూసి పూర్తి వేగం వస్తోందనుకోకుండా, మానిటర్ సమాచార మెనూలోగానీ డ్రైవర్ ప్యానెల్లోగానీ లింకు రేటు చూపిస్తే అక్కడ సరిచూసుకోండి.